రాష్ట్రపతి సమానత్వం మాట్లాడితే

2000 జనవరి 25న, గణతంత్రానికి 50 ఏళ్లు నిండుతున్న వేళ, రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ చేసిన ప్రసంగం పండగపూట చెప్పే శుభాకాంక్షల్లా సాగలేదు. సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ అనే మూడు వరసల దారిలో బళ్లు దూసుకుపోతుంటే, ఏ అండా లేని జనం క్షేమంగా రోడ్డు దాటే చోటు కూడా ఉండాలన్నారాయన. ఏళ్లతరబడి ఓర్చుకున్నవాళ్ల ఆగ్రహం గురించి హెచ్చరించారు. రెండు రోజుల తర్వాత పార్లమెంటు సెంట్రల్ హాల్లో, విఫలమైంది రాజ్యాంగమా, మనమా అని ప్రశ్నించారు. రాజ్యాంగ సమీక్షను 1999 ఎన్నికల ప్రణాళికలోనే చేర్చిన ఎన్డీయే అప్పుడు అధికారంలో ఉంది. తెలుగుదేశం బయటి నుంచి మద్దతిస్తోంది. అదే సభలో ప్రధాని వాజ్‌పేయి సమీక్ష కావాలనే వాదించారు. ప్రతిపక్షం నారాయణన్ మాటల్ని అందిపుచ్చుకుంది. రాష్ట్రపతి హద్దు దాటారన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శ వెనక మరో వాదముంది: ముందు సంపద పెరగనివ్వండి, సమానత్వం దానంతట అదే వస్తుంది.

హద్దు సంగతి తేలిగ్గా తీసెయ్యలేం. ఎన్నికైన ప్రభుత్వం ప్రజలకు జవాబుదారీ. రాష్ట్రపతి దానికి పోటీ అధికారం కాకూడదు. కానీ నారాయణన్ ఏ ఫైలూ ఆపలేదు. ఫిబ్రవరిలో జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన సమీక్షా సంఘం ఏర్పడనే ఏర్పడింది. ఆయన వాడింది మాట ఒక్కటే. 60వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి చేసే ప్రమాణం రాజ్యాంగాన్ని కాపాడతానని. ఆదాయాల్లో అసమానతలు తగ్గించడానికి రాజ్యం పాటుపడాలని అదే రాజ్యాంగం 38వ అధికరణంలో చెబుతోంది. కాపాడతానన్నదాన్ని గుర్తుచేయడం పార్టీ రాజకీయం ఎలా అవుతుంది?

రెండో వాదమే లోతైనది, దాని వేర్లు ఆర్థికశాస్త్రం కన్నా పాతవి. మన తత్వచింతనలో జీవులన్నీ ఒకటేనన్న మాట ఎంతో గొప్పది. అద్వైతం దాన్ని పరమార్థమంది. వ్యవహారంలో మాత్రం భేదాలను ఉండనిచ్చింది. అందుకే ఒకే బ్రహ్మమని ఒప్పుకున్న సమాజమే ఒకే బావిని ఒప్పుకోలేదు. బ్రహ్మభావన ప్రజాస్వామ్యానికి గట్టి పునాది కాగలిగేదనీ, కాలేదనీ అంబేద్కర్ అందుకే బాధపడ్డారు. 'ముందు సంపద' వాదంలో నాకు కనిపించేది ఈ పాత అలవాటే. అక్కడ సమానత్వాన్ని పరమార్థానికి నెట్టారు, ఇక్కడ భవిష్యత్తుకు నెడుతున్నారు. రెండు చోట్లా ఇవాళ్టి మనిషికి దక్కేది వేచి ఉండటమే. సంపద లేకపోతే పంచేదేముంటుందని అడగొచ్చు. నిజమే, బడికీ ఆస్పత్రికీ డబ్బు కావాలి. కానీ ఒక మనిషి భూమి తీసుకునే ముందు అతణ్ణి అడగడానికి ఏ అభివృద్ధి రేటూ అక్కర్లేదు. సమానత్వం మొదలయ్యేది ఆ అడగడంలోనే.

దీనికి సాక్ష్యం విశాఖకు దగ్గర్లోనే ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస - కిరండూల్ లైను మీద బొర్రా కొండల మీదుగా దిగి విశాఖ ఓడరేవు చేరుతుంది. ఆ కొండల్లోనే గిరిజనుల భూముల్లో కాల్సైట్ తవ్వకాలకు ప్రభుత్వం ప్రైవేటు లీజులిస్తే, గిరిజనుల తరఫున సమత అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు ఇవ్వరాదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని 1997 జూలై 11న మెజారిటీ తీర్పు వచ్చింది. ఆ తీర్పును తప్పించుకోవడానికి రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలునే సవరించవచ్చా అని 2000లో కేంద్ర గనుల శాఖ దారులు వెతికింది. అదే ఏడాది డిసెంబరులో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో బాక్సైట్ గనిని వ్యతిరేకిస్తున్న ఆదివాసీలు ముగ్గురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. నెల తిరగగానే, 2001 గణతంత్ర దినోత్సవం ముందురోజు, నారాయణన్ మళ్లీ మాట్లాడారు. అమాయక గిరిజనుల వినాశనం మీద ఈ గణతంత్రాన్ని కట్టారని రేపటి తరాలు అనుకునే పరిస్థితి రానివ్వొద్దన్నారు. ఖనిజాలు తవ్వొద్దనలేదు. ముందు వాళ్లకు చెప్పండి, వాళ్లతో సంప్రదించండి అన్నారు.

ప్రైవేటుకు బదులు ప్రభుత్వ రంగమైతే చాలదా అంటే, చాలదు. 1966 ఉద్యమంలో ప్రాణాలిచ్చి సాధించుకున్న విశాఖ ఉక్కు కర్మాగారానికి ఊళ్లు ఇచ్చిన నిర్వాసితుల్లో, ఆర్-కార్డు (పునరావాస కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే వయసు మళ్లినవాళ్లున్నారు. విశాఖ మన్యం బాక్సైట్ విషయంలోనూ తవ్వేది ప్రభుత్వ సంస్థ, శుద్ధి చేసేది ప్రైవేటు కంపెనీ అన్న ఏర్పాటుతో సమత తీర్పును పక్కదారి పట్టించే ప్రయత్నం జరిగింది. మాకవరపాలెం దగ్గర రిఫైనరీ కట్టారు. కొండల్లో జనం ఒప్పుకోలేదు. బాక్సైట్ తవ్వకాలకు వీలుకల్పిస్తూ 2015లో వచ్చిన జీవో 97 నిరసనలతో నిలిచిపోయి, 2019లో రద్దయింది. బాక్సైట్ అందక కర్మాగారం ఖాళీగా ఉండిపోయింది. కోట్లు మట్టిపాలయ్యాయి, ఉద్యోగాలు పోయాయి, ఇదేనా సమానత్వం ఇచ్చింది అని అడిగేవాళ్లున్నారు. నష్టం నిజమే. అయితే పునాది తవ్వకముందే ఆ కొండల మీది గ్రామసభల దగ్గరికి వెళ్లి ఉంటే, అక్కడ వద్దన్న మాట అప్పుడే వినిపించేది, ఆ కోట్లూ మిగిలేవి.