ఎల్ల దాటే చదువు

చెన్నై షావుకారుపేటలో మా పొరుగింటి అమ్మాయి రసాయన శాస్త్రము చదువుతున్నది. ఆ చదువులో ఒక సంవత్సరము జర్మనీ విశ్వవిద్యాలయములో గడిపే అవకాశము ఆమెకు లభించినది. చోటు దొరికినది గాని ఖర్చుకు కొంత లోటు పడినది. దానిని పూడ్చగలవారు నాయనమ్మగారు ఒక్కరే. ఆమెకు నాలుగు బంగారు గాజులున్నవి, ఇచ్చుటకు మనసూ ఉన్నది. అడ్డు వచ్చినది వ్రతము.

నాయనమ్మగారు ముప్పై ఏండ్ల క్రిందట దిగ్వ్రతము పట్టినారు. పది దిక్కులలోను తాను సంచరించే మేరను నిర్ణయించుకొని, దానిని దాటకుండుటే ఆ వ్రతము. ఆమె పెట్టుకొన్న మేర భారతదేశము. “నేను దాటనన్న ఎల్లను నా సొమ్ముతో పిల్లను దాటిస్తే, నేను దాటినట్టే కాదా నాయనా?” అని ఒకనాడు నన్ను అడిగినారు.

ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దిగ్వ్రతమునకు తోడైన దేశవ్రతమునకు చెప్పిన అతిచారములలో ప్రేష్యప్రయోగము ఒకటి. అనగా, మేరకు వెలుపలి పనికి మరొకరిని పంపుట. తన కాలు కదపక ఇంకొకరిని కదిపినంత మాత్రాన వ్రతము నిలిచినట్టు కాదని పెద్దల భావము.

అయితే ఆ నియమము దేనికొరకు? మన వలన కలిగే హింసయు, మన లోభమును ఆ మేరకు వెలుపల ప్రసరింపకుండుటకు. కావున మొదట చూడవలసినది, పోవుట ఎవరి పని మీద అని. అమ్మాయి నాయనమ్మగారి వర్తకము మీద పోవుట లేదు. తన చదువుకై పోతున్నది. తాను ఏ దిగ్వ్రతమూ పట్టలేదు. తిరిగి ఏమియు ఆశింపక ఇచ్చినచో అది పంపుట కాదు, దానము. “మా మనుమరాలు జర్మనీలో ఉన్నది” అని పదిమందిలో చెప్పుకొనుటకై ఇచ్చినచో మాత్రము, ఆమె ఆశ ఓడ ఎక్కినట్టే.

ఇక పోయేవారి సంగతి. 1888లో గాంధీగారు లండనుకు బయలుదేరునప్పుడు తల్లిగారి సందేహమును తీర్చినది బేచర్జీ స్వామి అను జైన సాధువు. ఆయన ప్రయాణమును ఆపలేదు. మద్యము, మాంసము, స్త్రీ జోలికి పోనని ప్రమాణము చేయించి పంపినారు. యువకుడు సముద్రము దాటినాడు, ప్రమాణము కూడ అతనితో దాటినది.

రసాయన శాస్త్రములోనే మరొక ఉదాహరణ ఉన్నది. మన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన టి. ఆర్. శేషాద్రిగారు 1927లో మాంచెస్టరు వెళ్ళి రాబిన్సన్ వద్ద పరిశోధన చేసినారు. పిమ్మట కొన్ని నెలలు ఆస్ట్రియాలోని గ్రాట్జులో ప్రెగల్ వద్ద సూక్ష్మ విశ్లేషణ నేర్చినారు. పూర్వము వందల మిల్లీగ్రాముల పదార్థమును కాల్చి తేల్చవలసిన విషయమును, 3 నుండి 5 మిల్లీగ్రాములతోనే తేల్చే విద్య అది. దానికే ప్రెగల్‌కు 1923లో నోబెల్ బహుమానము వచ్చినది. శేషాద్రిగారు తిరిగివచ్చి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున పత్తిపూవుల రంగుపదార్థముల వంటివాటిని శోధించి, ఎందరో ఆంధ్ర విద్యార్థులను తీర్చిదిద్దినారు. దూరదేశము పోయి, తక్కువ పదార్థముతో ఎక్కువ తెలిసికొనుట నేర్చుట చూడగా, పరిగ్రహమునకు మేర పెట్టుకొనేవారికి ఇది పరాయి విద్య అనిపించదు.

తిరిగి రానివారు తప్పు చేసినారా అని అడుగవచ్చును. మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో అమెరికా వెళ్ళినారు. మరల స్వదేశము చూడకయే 1948లో న్యూయార్కులో గతించినారు. కాని ఆయన నాయకత్వమున వెలువడిన హెట్రజాన్ మందును బోదకాలు వ్యాధిని అరికట్టుటకు మన దేశములో నేటికీ వాడుతున్నారు. కావున మనిషి తిరిగివచ్చుట ఒక్కటే కొలత కాదు.

మరి ఏది కొలత? దిగ్వ్రతపు అతిచారములలో చివరిది స్మృత్యంతరాధానము, అనగా పెట్టుకొన్న మేరను మరచిపోవుట. మేర దాటుట ఒక దోషమైతే, మేర ఉన్నదన్న సంగతినే మరచుట మరొక దోషము. పరదేశములో విద్యార్థికి పొంచి ఉన్నది ఈ రెండవదే. ఎంత ఖర్చు, ఎన్ని వస్తువులు, ఏ ఆహారము, ఏ ప్రయోగమునకు ఒప్పుకోవలెను, దేనికి ఒప్పుకోరాదు అని ఇల్లు కదలక మునుపే నిశ్చయించుకొని, అక్కడ దినదినము జ్ఞాపకము చేసికొనవలెను.

నాకు తోచినది ఇంతే. పెద్దలు సవరింతురు గాక. నాయనమ్మగారు అన్నియు విని, “ఒక పూట ఆలోచిస్తాను” అన్నారు. మరునాడు అమ్మాయి చేతిలో రెండు గాజులే పెట్టినారట. లోటుకు రెండు చాలునని లెక్క కట్టించినారట. సొమ్ము ఎవరిదో బంధువులకు చెప్పవద్దని కూడ అన్నారట.