పిట్టకు మాటిచ్చిందెవరు?

ముంబైలో ధారావిని ఆనుకుని, మిఠీ నది పక్కన, ఒకప్పుడు చెత్త పోసిన 37 ఎకరాల్లో పెంచిన వనం ఉంది. 1994లో జనానికి తెరిచిన మహారాష్ట్ర నేచర్ పార్క్ అది. కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుకకు అంత వనం కూడా అక్కర్లేదు, వరస గదుల చాల్ వరండాలో, డబ్బాలో నాటిన కరివేపాకు మొక్క చాలు. దాని పిల్లపురుగు మొదట్లో ఆకు మీద పడ్డ పిట్టరెట్టలా కనిపిస్తుంది. పెద్దదై పచ్చబడ్డాక, కదిపితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతుంది. రెక్కలొచ్చాక ఆడవాటిలో కొన్నింటి రెక్కల మీద కామన్ రోజ్ అనే మరో జాతి ఎర్రమచ్చలు ఉంటాయి. కామన్ రోజ్ ఈశ్వరి తీగ తిని పెరిగి దాని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ దాని జోలికి పోదు. మార్మన్‌లో ఆ విషం లేదు, వేషమే ఉంది. ఇది అసత్యమేనా? అయితే ఆ పాపం ఎవరిది?

పురుగుకు తెలివి లేదు కనుక పాపమూ లేదని తేల్చేయవచ్చు. ఈ వేషాన్ని నడిపేది డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువని 2014లో శాస్త్రజ్ఞులు చూపించారు కూడా. కానీ ఈ లోకం దేవుడి సృష్టి అని నమ్మేవారికి ఆ జవాబు చాలదు. వేషం పురుగుది కాకపోతే సృష్టికర్తదవుతుంది. ఇక్కడ నాకు వామన చరిత్ర దారి చూపిస్తుంది. ప్రాణం, ధనం, మానం పోయే వేళ బొంకినా పాపం లేదని శుక్రాచార్యుడు చెప్పినా బలి వినలేదు, అప్పటికే మాట ఇచ్చేశాడు కనుక. ఎదురుగా ఉన్న విష్ణువు మాత్రం పొట్టి వటువు వేషంలోనే వచ్చాడు! అంటే మన పురాణం వేషాన్నీ మాట తప్పడాన్నీ ఒక్కటిగా చూడలేదు. తనను తినవచ్చే పిట్టకు మార్మన్ ఏనాడూ మాటివ్వలేదు. వేటగాడికి నిజం చెప్పి తీరాలన్న ధర్మాన్ని ప్రాణభయంతో ఉన్నవారి మీద మోపడం అన్యాయమని నా గట్టి నమ్మకం. తరిమేవాళ్ళ నుంచి పేరూ ఊరూ దాచుకున్న మనిషికీ ఇదే వర్తిస్తుంది.

దీనికి బలమైన అభ్యంతరం పిట్ట వైపు నుంచి రాదు, కామన్ రోజ్ వైపు నుంచి వస్తుంది. వేషధారులు పెరిగితే ఎర్రమచ్చలంటే పిట్టకు భయం తగ్గుతుంది. అప్పుడు నిజంగా విషమున్నది కూడా దాని ముక్కున పడుతుంది. ఆ కామన్ రోజ్ ఎవరినీ వేటాడలేదు, మార్మన్‌కు ఏ కీడూ తలపెట్టలేదు. ప్రాణరక్షణ వాదం ఇక్కడ నిలవదని ఒప్పుకుంటున్నాను. అసలువి ఎక్కువగా, వేషాలు తక్కువగా ఉన్నంతవరకే ఈ ఎత్తు పారుతుంది. మగ మార్మన్లూ, ఆడవాటిలో కొన్నీ ఆ మచ్చలు లేకుండానే, అదే పిట్టల మధ్య ఎగురుతున్నాయి.