మదనపల్లె తాత, కృష్ణగిరి తాత

మనవణ్ని చూడ్డానికి వెళ్తున్నానంటే ఎందుకని ఎవరూ అడగరు. అడగరు కాబట్టి ఆ ప్రశ్న నేనూ వేసుకోలేదు. ముసలితనంలో దొరికే పెద్ద వెసులుబాటు ఇది. మనవళ్లంటే ప్రేమ అని ఒక్క మాట అంటే చాలు, దాని వెనక ఇంకేం మూటగట్టుకుని పోతున్నామో ఎవరూ విప్పి చూడరు.

మా అబ్బాయి ఉద్యోగం హోసూరులో. లారీలు, మోటారు సైకిళ్లు, చేతి గడియారాలు తయారుచేసే ఫ్యాక్టరీల చుట్టూ పెరిగిన ఊరది. కోడలిది కృష్ణగిరి. ఈ వేసవిలో రెండో కాన్పు అక్కడే, పుట్టింట్లో జరిగింది. మొదటిది పుట్టింట్లో, రెండోది అత్తింట్లో అన్నది మా వైపు ఆనవాయితీ. తెలిసిన డాక్టరమ్మ ఉందని, హోసూరుకు దగ్గరని అబ్బాయి చెప్పిన కారణాలన్నీ సబబైనవే. "అట్లే కానీలేరా, తల్లీబిడ్డా క్షేమంగా ఉంటే అంతే చాలు" అన్నాను ఫోనులో. పెట్టేశాక ఆ పూట నాకు అన్నం సహించలేదు. తల్లీబిడ్డల క్షేమం గురించిన దిగులేమీ కాదది.

మదనపల్లె నుంచి కృష్ణగిరికి నేరుగా దారి ఉంది. 42వ నంబరు జాతీయ రహదారి పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా పోయి కృష్ణగిరి దగ్గరే ముగుస్తుంది. నేను మాత్రం కోలారు, మాలూరు మీదుగా ముందు హోసూరు పోదామన్నాను. అక్కడ మనవరాల్ని ఎక్కించుకుని, 44వ నంబరు దారి పట్టుకుని, శూలగిరి దాటి కృష్ణగిరికి దిగడం నా పథకం. "ఆదివారం వాడెట్లాగూ పాపను తీసుకొస్తాడు గదా, మే నెల ఎండలో ఈ చుట్టు తిరుగుడెందుకు, బస్సులో నేరుగా పోదాం" అంది మా ఆవిడ. పాప ఒక్కతే బెంగ పెట్టుకుంటుందన్నాను. బెంగ పాపకు లేదు. వియ్యంకుడి గడపలో, చూడవచ్చిన చుట్టంలాగా అడుగుపెట్టడం నాకిష్టం లేదు. పాప చెయ్యి పట్టుకుని దిగితే నేనూ ఆ ఇంటి మనిషిలాగానే కనబడతాను. బస్సు కాదని కారు నేనే నడపడం వెనక కూడా ఇట్లాంటి లెక్క ఒకటుంది, దాన్ని వేరే చెప్పక్కర్లేదు.

డిక్కీలో మా చెట్టు మామిడికాయలు. కృష్ణగిరికి మామిడి తీసుకుపోవడమంటే కమ్మరి వీధిలో సూదులమ్మడమే. తోతాపురి తోటల్లోనూ, గుజ్జు ఫ్యాక్టరీల్లోనూ మన చిత్తూరు వైపుకు దీటుగా నిలబడే జిల్లా అది. ఏటా మామిడి ప్రదర్శన కూడా పెడతారు. తెలిసే తీసుకుపోయాను. "మీ కాయలు తియ్యగా ఉన్నాయి బావగారూ" అని వియ్యంకుడు మనసారా అన్నప్పుడు ఏదో గెలిచినట్టు అనిపించింది. పోటీ ఒకటి నడుస్తోందని పాపం ఆయనకు తెలియను కూడా తెలియదు.

ఇవన్నీ చిన్న విషయాలు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది సంచిలోని పెద్దబాలశిక్ష.

మనవరాలికి ఎనిమిదేళ్లు. వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో వాళ్లమ్మ మాట్లాడే కృష్ణగిరి తెలుగు. దాని నోట మన తెలుగు పలికించాలి, నాలుగు అక్షరాలు దిద్దించాలి అని ఊళ్లో స్నేహితులకు గొప్పగా చెప్పి బయల్దేరాను. భాషను కాపాడ్డానికి పోతున్న మనిషినని లోపల ఒక ఠీవి. శూలగిరి దాటాక పాప దారి పక్క తమిళ బోర్డులు గడగడా చదువుతూ ఉంటే ఆ ఠీవికి కాస్త చురక తగిలింది. నాకు తమిళం చదవడం రాదు. "తెలుగు చదవడం వచ్చునా?" అని అడిగాను, రాదంటుందని ఆశపడుతూ. "ఓ, కృష్ణగిరి తాత నేర్పిచ్చినాడు గదా. గుణింతాలు కూడా అయిపోయినాయి" అంది.

సంతోషించాల్సిన మాట అది. నాకు సంతోషం కలగలేదు. సంచిలో పుస్తకం తియ్యబుద్ధి కూడా కాలేదు. పాపకు తెలుగు రావాలన్నదే నా కోరిక అయితే అది అప్పటికే తీరిపోయింది. నేను కోరుకున్నది నా దగ్గర రావాలని. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో ఆ రోడ్డు మీద తెలిసింది గానీ, ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఎవరి ముందు ఈ పెద్దరికం? మా వియ్యంకుడి పూర్వీకులు అక్కడికి వలసపోయినవాళ్లు కారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడూ, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చినప్పుడూ హోసూరు, కృష్ణగిరి సేలం జిల్లాలో భాగంగా మద్రాసు వైపే ఉండిపోయాయి. తర్వాత అవి ధర్మపురి జిల్లాలోకి పోయాయి, దాన్నుంచి విడదీసి కృష్ణగిరిని జిల్లా చేసింది 2004లో. జిల్లాల పేర్లు మారాయి, ఇళ్లలో తెలుగు అట్లాగే ఉంది. 2006లో అక్కడ చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి తమిళాన్ని తప్పనిసరి చేస్తూ పోయారు. పదేళ్లకు అది పదో తరగతి పరీక్షల దాకా చేరింది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళం చదివే పిల్లల కోసం భాషా మైనారిటీల వాళ్లు కోర్టుకెళ్లి మినహాయింపులు అడగాల్సి వచ్చింది. తెలుగు మీడియంలో చదువుకున్న మా వియ్యంకుడు ఆ రోజుల్లో అర్జీ కాగితాలు పట్టుకుని సంతకాల కోసం ఇంటింటికీ తిరిగాడట. ఈ సంగతి కూడా ఆయన చెప్పలేదు, కోడలు చెప్పింది.

మరి నేను? తెలుగుగడ్డ మీద, అడిగేవాడు లేని చోట, మా అబ్బాయిని మొదటి నుంచీ ఇంగ్లీషు మీడియంలో వేశాను. ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడితే ముచ్చటపడ్డాను. వాడి కూతురి దగ్గరికి వచ్చేసరికి నాకు భాష గుర్తొచ్చింది. కృష్ణగిరి తెలుగుకు వంక పెట్టే అర్హత నాకెక్కడిది?

ఇట్లా తవ్వుకుంటూ పోతే ఒక్కోసారి ఇంకో అనుమానం వస్తుంది. నా లోపల ఉన్నదంతా చెత్తేనని చెప్పుకోవడంలో కూడా ఒక గొప్ప ఉందేమో. చూడండి, నేనెంత నిజాయితీపరుణ్నో అన్న గొప్ప. మనవలంటే నాకు ప్రేమ లేదని అంటే అది అబద్ధమే అవుతుంది. ఆ రాత్రి పసివాడు ఏడిస్తే అందరికంటే ముందు లేచింది నేనే. కానీ ప్రేమ ఎప్పుడూ ఒంటరిగా రాదు. నా దగ్గరికైతే రాలేదు. పసివాణ్ని ఒళ్లో పెట్టగానే నా కళ్లు వెతికింది మా నాన్న ముక్కును. వియ్యపురాలు "అచ్చం మా అన్న ముక్కే" అంటే నవ్వాను. ఆ నవ్వు ఎంత కష్టమైందో మా ఆవిడకు తెలుసు. ఆమె మాత్రం వాడు పాలు సరిగా తాగుతున్నాడా లేదా అని అడుగుతూ కూర్చుంది. ముక్కు సంగతి ఆమెకు తోచనే లేదు.

మీలో ఎవరైనా ఈ వేసవిలో మనవళ్ల దగ్గరికి బయల్దేరుతుంటే, డిక్కీ సర్దేటప్పుడు ఒక్కో వస్తువూ ఎవరికి చూపించడానికో ఒకసారి మిమ్మల్ని మీరే అడిగి చూడండి. నాకు వచ్చిన జవాబులే మీకూ వస్తాయని అనడం లేదు. రాకపోతే అదృష్టవంతులు.

పెద్దబాలశిక్షను కృష్ణగిరిలోనే వదిలి వచ్చాను. దాన్ని ఇప్పుడు మా వియ్యంకుడు చదివిస్తున్నాడు. పసివాడికి ఇంకా పేరు ఖాయం కాలేదు. వాళ్లమ్మానాన్నల ఇష్టమేనని అందరి ముందూ చెప్పాను. మా నాన్న పేరు పెడితే బాగుంటుందని నిన్న మళ్లీ అబ్బాయికి ఫోన్ చేశాను.