వెల కట్టిన అన్నము

అన్నమును అమ్మవచ్చునా? ఈ ప్రశ్న విని నవ్వువారుందురు. నేడు ఏ పట్టణమున చూచినను వీధికి నాలుగు భోజనశాలలు కలవు; వానిలో భుజింపని విద్యావంతుడు అరుదు. అయినను మన మనస్సున నొక పాత సంశయము తొలగక నిలిచియున్నది. ఆపత్కాలమున వర్తకముచే బ్రదుకవలసి వచ్చినను బ్రాహ్మణుడు వండిన అన్నమును అమ్మరాదని మనుస్మృతి విధించినది. వసతి గోరి వచ్చినవానిని కాదనరాదనియు, అందులకై అన్నమును సమృద్ధిగా సంపాదించుకొనవలెననియు తైత్తిరీయోపనిషత్తు బోధించినది. ఈ రెంటిని జోడించి చదివికొన్న మనవారు, పెట్టిన అన్నము పుణ్యమనియు, అమ్మిన అన్నము నీచమనియు తీర్మానించుకొనిరి.

తీర్మానించుకొనిరేకాని తినుట మానలేదు. ఓరుగల్లు వీధులను వర్ణించు క్రీడాభిరామమున రూకకు మంచి భోజనము పెట్టు పూటకూటి యిల్లు మనకు కానవచ్చును. 1897లో అచ్చుపడిన కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ యింట తిని, ఆమెనే మోసగించు గిరీశమును చూచి మనము నేటికిని నవ్వుచున్నాము. ఆమె వితంతువు, వండి పెట్టి బ్రదుకుచున్నది. ఆమె కూడు మనకు కావలెను, ఆమె గౌరవము మాత్రము మనకు పట్టదు. ఈ అన్యాయమును మేము చిన్ననాటినుండి చదువుచుండియు ఏనాడును అన్యాయముగా గుర్తింపలేదు. దానిని గుర్తించుటకు మేము సముద్రము దాటి, ఒక పరదేశపు సందులో, ఒక ముదుసలి యిల్లాలి భోజనపుబల్లయొద్ద కూర్చుండవలసి వచ్చినది.

2023 దసరా సెలవులలో దక్షిణ కొరియాయందు ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని చూడబోయితిమి. అతడుండునది సువాన్ నగరము. 1794 మొదలు 1796 వఱకు జోంగ్జో రాజు కట్టించిన హ్వాసోంగ్ కోట ఆ నగరమునకు అలంకారము. ఒకనాడు ఆ కోటగోడ వెంబడి నడచి నడచి డస్సితిమి. పగలు రెండుగంటలు దాటినది. మా తమ్ముడు పల్దల్మున్ అను కోటవాకిటికి దాపుననున్న అంగడివీధులు దాటించి, ఒక యిఱుకు సందులోనికి మమ్ము తీసికొనిపోయెను. అచ్చట నాలుగే బల్లలుగల చిన్న యిల్లొకటి యుండెను. అట్టి వానిని ఆ దేశమున 'బప్‌జిప్' అందురు. 'బప్' అనగా అన్నము. 'జిప్' అనగా ఇల్లు. మన పూటకూళ్ల యిల్లను మాటకు ఇంతకంటె దగ్గఱి చుట్టము మఱియొక భాషలో దొరకునా యని మాకు తోచెను.

అచ్చట వండునది ఇంటి యిల్లాలు. వయస్సు అఱువది దాటియుండును. కూరలు కడిగి తఱుగువాడు ఆమె భర్త. వడ్డించి, బల్లలు తుడిచి, లెక్క చూచునది కూతురు. గోడమీద ఒక్కటే భోజనము, ఒక్కటే వెల వ్రాసియుండెను: మనిషికి 9,000 వాన్లు, మన లెక్కలో ఇంచుమించు ఐదాఱువందల రూపాయలు. ఆ భోజనము పేరు 'బెక్బన్', అనగా తెల్లని అన్నము. పేరునకు అన్నమేకాని, దానిచుట్టును చిన్నచిన్న గిన్నెలలో కూరలును, పచ్చళ్లును, నడుమ ఉడుకుచున్న పులుసుకుండయును వచ్చును. ఆ చిన్నగిన్నెల కూరలను 'బన్చన్' అందురు. వానికి వేఱుగా వెల లేదు. తఱిగినకొలది అడిగి మరల వేయించుకొనవచ్చును.

భోజనశాలలో వడ్డించు స్త్రీని అచ్చటివారు తఱచుగా 'ఇమో' అని పిలుతురు. ఇమో యనగా తల్లితోబుట్టువు. మన పిన్నియో పెద్దమ్మయో అన్నమాట. మా తమ్ముడును ఆ యిల్లాలిని అట్లే పిలిచి, మా అన్నగారు మాంసమును చేపలను ముట్టరని విన్నవించెను. ఆమె మా మొగమువంక ఒకమాఱు చూచి, అప్పుడే బల్లపై పెట్టిన గిన్నెలలో రెంటిని మరల తీసికొనెను. అందొకటి కిమ్చి. చూచుటకు అది కారము పట్టించి ఊరవేసిన క్యాబేజీయే. కాని అందు ఉప్పురొయ్యల ఊట కలిసియున్నదని ఆమె చెప్పెను. పులుసుకుండను గూడ వెనుకకు పంపెను. అందలి నీరు ఎండుచేపలు కాచి తీసినదట. ఆమె చెప్పకున్న మేమెఱుగుదుమా? మేమెన్నడును ఎఱుగము. చెప్పుటవలన ఆమెకు కలిగిన లాభమేమి? పావుగంట అధికశ్రమ.

పావుగంటకు క్రొత్త కుండ వచ్చెను. బియ్యము కడిగిన నీటిలో 'దెన్‌జాంగ్' కలిపి, సోయాజున్నును గుమ్మడిజాతి కాయను వేసి కాచిన పులుసు అది. ఈ దెన్‌జాంగ్ అంగడిలో కొన్నది కాదు, ఇంట చేసినదని ఆమె భర్త గర్వముతో చెప్పెను. సోయాగింజలు ఉడికించి, దంచి, దిమ్మలుగా చేసి, వ్రేలాడగట్టి పులియనిచ్చి, పిమ్మట ఉప్పునీటి జాడీలలో నెలలకొలది ఊరవేయుదురు. తేరిన రసము వేఱుచేయగా మిగిలిన ముద్దయే దెన్‌జాంగ్. 2024లో యునెస్కో ఈ విద్యను మానవజాతి వారసత్వములలో చేర్చినది. ఇంటింట కూడి కిమ్చి పెట్టుకొను ఆచారమును 2013లోనే చేర్చియుండెను. బియ్యపు కడుగునీటి పులుసు తినుచున్నప్పుడు మాకు మా యమ్మమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆ నీటిని ఆమెయు పాఱబోయనిచ్చెడిది కాదు. పాలకూర, మొలకెత్తిన సోయాగింజలు, ముల్లంగి, బంగాళాదుంప, అన్నియు నువ్వులనూనె వాసనతో కమ్మగా నుండెను. పాలకూర గిన్నె రెండుమాఱులు మరల నింపించుకొంటిమి. వంటలోని ఇట్టి గుణమును అచ్చటివారు 'సోన్మత్' అందురట. చేతిరుచి యని అర్థము. మనమును ఫలానా ఆమె చేతివంట యనియే కదా చెప్పుకొందుము!

మేమే కడపటి గిరాకి. మేము తినుచుండగనే ఆ ముగ్గురును ప్రక్కబల్లయొద్ద తమ భోజనమునకు కూర్చుండిరి. మేము వలదన్న చేపనీటి పులుసుకుండయే వారి నడుమ నుండెను. ముగ్గురును తమతమ చెంచాలను అందులోనే ముంచి త్రాగుచుండిరి. ఎంగిలి యను భావముతో పెరిగిన మాకు ఆ దృశ్యము మొదట రుచింపలేదని యొప్పుకొనుచున్నాము. కుటుంబమునకు వారి భాషలో 'షిక్కు' అను మాట కలదని మా తమ్ముడు చెప్పెను. ఆ మాటకు అక్షరార్థము తినెడి నోళ్లు.

లేచి వెల చెల్లించితిమి. ఇద్దఱికి 18,000 వాన్లు. మేము 20,000 ఇచ్చి, మిగిలినది ఉంచుకొమ్మని సైగచేసి వెలుపలికి వచ్చితిమి. ప్రత్యేకముగా పులుసు కాచి పెట్టినందులకు ఆ రెండువేలు తక్కువయని కూడ మేమనుకొంటిమి. ఇరువది అడుగులు నడువకమునుపే వెనుక పిలుపు వినవచ్చెను. ఆ యిల్లాలు తినుచున్న చెంచా విడిచి, సందులో మావెంట పరుగున వచ్చి, రెండు వేయివాన్ల నోట్లు మా చేత పెట్టెను. మా తమ్ముడు ఆమె మాటను ఇట్లు తెనిగించెను: "భోజనము వెల గోడమీద వ్రాసియున్నది. వారికి కడుపు నిండినదా?"

మాకు చిన్నతనమనిపించెను. భోజనశాలలో బహుమానమిచ్చుట ఆ దేశపు ఆచారము కాదని మా తమ్ముడు సమాధానము చెప్పెను. ఆచారము కాదన్నమాట నిజమే. కాని చిన్నతనమునకు కారణము అది కాదని రాత్రి నిద్రపట్టక ఆలోచించినకొలది తోచినది. ఆ రెండువేలు మేమెందుల కిచ్చితిమి? కృతజ్ఞతవలన ననుకొంటిమి. నిజమునకు ఋణము మిగులకుండుటకై యిచ్చితిమి. ఆమె చూపిన శ్రద్ధకు ఒక వెల మనసులో కట్టి, దానిని పాఱవైచి, లెక్క తీరినదనిపించుకొన గోరితిమి. ఆమె అన్నమును అమ్మినది, శ్రద్ధను అమ్మలేదు. రెండు నోట్లు తిరిగి యిచ్చుటతో ఆ రెంటికి నడుమ గీత గీచినది.

ఇచ్చట యుక్తివాదులు ఆక్షేపింపవచ్చును. అడిగినకొలది పెట్టు కూరలు ప్రేమ కావు. వాని వెల భోజనపు వెలలో ముందే చేరియున్నది. ప్రక్కయింటివారు పెట్టుదురు గనుక ఈమెయు పెట్టక తప్పదు. పిన్ని యని పిలుచుట గిరాకీల లౌక్యము. ఇందు మీరు ధర్మము వెదకుట మీ అమాయకత్వము అని. ఈ ఆక్షేపణను మేము త్రోసివేయము. బ్రదుకుదెరువునకై పెట్టిన అంగడి అది. 1950 మొదలు 1953 వఱకు జరిగిన యుద్ధమున భర్తలను గోల్పోయిన స్త్రీలెందఱో ఆ దేశమున వండి అమ్మి పిల్లలను పెంచిరి. 1997 నాటి ఆర్థికసంకటమున ఉద్యోగములు పోయిన కుటుంబములనేకము చిన్న భోజనశాలలు తెఱచినవి. వారు పెట్టినది అన్నదానము కాదు. దానమని పొగడి మనము వారి శ్రమను మఱుగుపఱుపరాదు. కాని రొయ్యల ఊట సంగతి చెప్పుమని ఆమెను ఏ పోటీయు నిర్బంధింపలేదు. ఎవ్వరును కనిపెట్టలేని చోట సత్యము చెప్పుటయు, వెల పెంచక క్రొత్త కుండ పొయ్యిమీద పెట్టుటయు, కడుపు నిండినదాయని అడుగుటయు వెలలో చేరినవి కావు. కావున అమ్మకము ఆతిథ్యమును చంపునను పూర్వుల భయము సగమే నిజము. అమ్మకమున కపటము చేరినప్పుడే ఆతిథ్యము చచ్చును. వెల స్పష్టముగా వ్రాసియున్న చోట, ఆ వెలకు వెలుపల మిగిలినదేదియో గూడ స్పష్టముగనే కన్పట్టును.

ఇక రెండవ సగము. ఇది మనకు చేదుగా నుండును. అమ్మిన అన్నము నీచమనిన మనము, ఇంటి అన్నమునకు వెల లేదని గొప్పగా చెప్పుకొందుము. తల్లిచేతి ముద్దకు వెల కట్టగలమా యని ఉపన్యసింతుము. వెల లేదనుటకు మన యిండ్లలో అర్థమేమో ఒకమాఱు పరికింతము. కూలి లేదు, విశ్రాంతి లేదు, సెలవు లేదు, అందఱును తినిన పిమ్మట మిగిలినదే ఆమె భోజనము. అన్నపూర్ణ యని పేరుపెట్టిన యిల్లాలికి వేడి అన్నము దొరకని యిండ్లు ఎన్ని లేవు? వెల కట్టలేనంత గొప్పదని చెప్పి, వెల కట్టనక్కఱలేనంత చులకనగా చూచుచున్నాము. ఈ మాటలోని మోసము, గిరీశము చేసిన మోసముకంటె మెల్లనిదే కాని చిన్నది కాదు.

కొరియావారు ఈ దోషమునకు అతీతులని మేము చెప్పము. వారి పాతకాలపు గొప్ప యిండ్లలోను పురుషులకు ముందుగా చిన్నపీటలపై వడ్డించుటయు, స్త్రీలు పిదప వంటయింట తినుటయు కలదు. పండుగనాడు పితరులకు నివేదించు వంటలు చేయలేక ఇల్లాండ్రు విసిగిపోవుట నేటికిని అచ్చట ఇంటింటి మాటయే. అయితే 2022లో, కన్ఫ్యూషియస్ సంప్రదాయమునకు నిలయమైన సుంగ్క్యున్క్వాన్ అను సంస్థ, ఛుసోక్ పండుగకు ముందు ఒక ప్రకటన చేసినది: పితరులకు కొలది పదార్థములు చాలును, నూనెలో వేయించు వంటలు అక్కఱలేదు అని. ఆచారమును కాపాడవలసిన పెద్దలే ఆచారపు బరువును దించిరి. మన శ్రాద్ధములలో పొద్దెక్కువఱకు గ్రుక్కెడు నీరు త్రాగక వండు కోడండ్రను చూచినప్పుడు, మన పెద్దలెవ్వరైన నిట్లు పలుకుదురా యని మేము ఎదురుచూచుచున్నాము.

ఆ సందులోని బల్లను మేము మరల మరల తలచుకొనుట అందుచేతనే. అమ్ముకొను ఇల్లాలు అందఱికి పెట్టి, మూడు గంటలకు తన వారితోగూడ ఒక్క కుండచుట్టు కూర్చున్నది. ఆమె శ్రమకు వెల గోడపై నున్నది; ఆమె చోటు బల్లయొద్ద నున్నది. అమ్ముకొనని మన యిల్లాండ్రకు ఆ రెండును లేవు. మాకు మొదట రోతగా తోచిన ఆ ఎంగిలి కుండలో గౌరవమున్నదని, మేము శుచి యనుకొనిన మా పంక్తిలో లేదని తెలిసికొనుటకు మాకు చాలకాలము పట్టినది.

తిరిగివచ్చిన పిదప మా యింట ఒక ఏర్పాటు చేయబూనితిమి. వండిన గిన్నెలన్నియు నడుమ పెట్టుకొని, ఎవరికి వారు వడ్డించుకొని, అందఱము ఒక్కమాఱు కూర్చుండుట. వినుటకు సులభము. మొదటినాడు మా గృహిణి నాలుగుమాఱులు లేచినది. ఒకమాఱు ఉప్పుకు, ఒకమాఱు మజ్జిగకు, రెండుమాఱులు ఊరకనే. మా తల్లిగారు కూర్చుండనే లేదు. డెబ్బదియేండ్లు దాటిన ఆమె, "మీరు తినండి నాయనా, నాకు అందఱితో కూర్చుంటే ముద్ద దిగదు" అన్నది. ఆ మాటకు మాయొద్ద ప్రత్యుత్తరము లేదు. తన చేతి అన్నము తాను వేడిగా తినుట ఒక తప్పువలె ఆమెకు నేర్పినవారము మనమే. మఱుసటి నెలలో ఒకనాడు, పిల్లవాడు ఆమె చేయి పట్టి తెచ్చి కూర్చుండబెట్టగా, నాలుగు ముద్దలు తిని, "కూరలో ఉప్పు తగ్గినది" అన్నది. అంతవఱకు మా యింట కూరలో ఉప్పును గూర్చి ఆమె ఇతరుల నోట వినుటయేకాని, తాను చెప్పుట మేమెఱుగము.