దాకలో పులుసు, కొండ మీద పొగ

నెల్లూరు చేపల పులుసు వండిన పూట కంటే మరునాడే రుచి అని ఆ తీరంలో ఎవరినడిగినా చెబుతారు. రాత్రంతా దాకలో ఊరిన పులుసు చిక్కబడుతుంది. ఆ చిక్కదనంలో చింతపండుకూ మామిడికాయకూ వాటా ఉన్నట్టే చేప తోలుకూ ఉంది. తోలులోని కొల్లాజెన్ మూడు పోగులు పేనిన తాడు లాంటిది. పొయ్యి వేడికి ఆ పేట విడిపోయి, జెలటిన్ అయి పులుసులో కలుస్తుంది. చలి సముద్రాల్లో తిరిగే కాడ్ చేపలో ఈ తాడు ఇంకా తక్కువ వేడికే విడిపోతుంది, మన వెచ్చని నీళ్ళ చేపలది అంత తొందరగా విడిపోదు. ఇంత ధీమాగా చెబుతున్నాం సరే, ఆ మూడు పోగుల్ని కంటితో చూసినదెవరు? ఎవరూ లేరు. తాడు మొత్తం మందం ఒకటిన్నర నానోమీటరు. కంటికి తెలిసే వెలుగు అలలు దానికి కొన్ని వందల రెట్లు పొడవు. చూడనిదాన్ని తెలిసిందని అనడానికి మనకేం హక్కుంది? పెరుగు, సబ్బునురగ, రబ్బరు, తోలు వంటి మెత్తని పదార్థాల్లోకి ఎక్స్‌రేలనూ న్యూట్రాన్లనూ పంపి, అవి చెదిరిన తీరును చదువుతూ బతుకంతా గడిపే శాస్త్రవేత్తకు ఈ ప్రశ్న తప్పదు.

తర్కశాస్త్రం దీన్ని ఏనాడో వేసుకుంది. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు ఆంధ్రుడే. చూసినదాని నుంచి చూడనిదాన్ని తెలుసుకోవడాన్ని తార్కికులు అనుమానం అంటారు; కొండ మీద పొగను చూసి నిప్పుందని తెలుసుకోవడం అందులోని ఉదాహరణ. పొగా నిప్పూ కలిసి ఉంటాయనడానికి సాక్ష్యం వంటిల్లు. నిప్పు లేనిచోట పొగ ఉండదనడానికి సాక్ష్యం చెరువు. శాస్త్రవేత్త ముందున్న చెదరుడు పటమూ పొగే. 1950ల తొలినాళ్ళలో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కంగారూ తోకలోని, కొల్లాజెన్‌తోనే అల్లిన స్నాయువు గుండా ఎక్స్‌రేలు పంపారు. ఫిల్ము మీద పడ్డవి కొన్ని మచ్చలు, కొన్ని గీతలు. వాటికి రసాయన విశ్లేషణ ఇచ్చిన ఇంకో ఆనవాలు తోడైంది: కొల్లాజెన్‌లోని అమైనో ఆమ్లాల్లో దాదాపు మూడోవంతు గ్లైసినే. మూడు పోగులు పేనుకుంటే మధ్యలో చోటు ఇరుకు. ప్రతి మూడో స్థానంలో అన్నిటికంటే చిన్నదైన గ్లైసిన్ మాత్రమే అక్కడ ఇముడుతుంది. 1954లో వారి మూడు పోగుల నమూనా నేచర్ పత్రికలో వెలువడింది.

చార్వాకుడు ఇక్కడ ఊరుకోడు. ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం, పొగకూ నిప్పుకూ ఉన్న సంబంధాన్ని అన్ని కాలాల్లో, అన్ని చోట్లా ఎవరు చూశారని అడుగుతాడు. ఈ ఆక్షేపణకు చెదరుడు శాస్త్రంలో ఇంకా పదునైన రూపం ఉంది. మైపాడు ఒడ్డున నిలబడి ఒక్కో అల ఎంత ఎత్తు లేచిందో మాత్రమే రాసుకుని, ఏ క్షణంలో లేచిందో రాసుకోని మనిషిని ఊహించండి. ఆ లెక్కలతో సముద్రాన్ని తిరిగి కట్టడం కుదరదు. ఎక్స్‌రే పరికరానికీ అంతే: అలల బలం దొరుకుతుంది, వాటి దశ పోతుంది. అందువల్ల ఒకే పటానికి ఒకటి కంటే ఎక్కువ నిర్మాణాలు సరిపోవచ్చు. తార్కికుల భాషలో ఇది సవ్యభిచార హేతువు, అంటే ఒక్క ఇంటికే కట్టుబడి ఉండని ఆనవాలు. ఈ విషయంలో చార్వాకుడి వైపు న్యాయం ఉందని నా అభిప్రాయం: ఒకే పటం చూసి ఇదే నిజమనేవాడు అనుమానం చేయడం లేదు, ఆశపడుతున్నాడు.

అయితే శాస్త్రవేత్త ఒకే పటంతో ఆగడు. ఎక్స్‌రేలు ఎలక్ట్రాన్ల మీద చెదురుతాయి, న్యూట్రాన్లు కేంద్రకాల మీద. మామూలు హైడ్రోజన్, భార హైడ్రోజన్ రసాయనికంగా కవలలే అయినా న్యూట్రాన్లను చెదరగొట్టే గుణంలో ఒకటి రుణం, ఇంకొకటి ధనం. మామూలు నీటిలో దాదాపు 8 శాతం భారజలం కలిపితే ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, న్యూట్రాన్ల చూపుకు ఆ నీరు శూన్యంతో సమానమవుతుంది. 40 శాతం దగ్గర మాంసకృత్తు మాయమై కొవ్వు మిగులుతుంది. మణుగూరులో గోదావరి ఒడ్డున రియాక్టర్ల కోసం తయారయ్యే భారజలం ఈ పదార్థమే. కరిగిన ప్లాస్టిక్‌లో ఒక్కో గొలుసు ఎలా పడి ఉంటుందన్నది పాత తగాదా. అచ్చంగా తనలాంటి గొలుసుల మధ్య ప్రతి గొలుసూ అడ్డూ అదుపూ లేని చిక్కుముడిలా ఉంటుందని పాల్ ఫ్లోరీ లెక్క కట్టాడు, చాలామంది నమ్మలేదు. 1970లలో యూరప్‌లో కొన్ని గొలుసులకు భార హైడ్రోజన్ తొడిగి న్యూట్రాన్లతో చూశారు. ఫ్లోరీ లెక్కే నిలిచింది. నిలవకపోవడానికీ అవకాశం ఉండింది, దాని బలమంతా అక్కడే. వంటింటితో పాటు చెరువునూ అడగాలన్న తార్కికుడి పట్టుదల ఇదే.

ఇంకో ఆక్షేపణ ఎదుటి వైపు నుంచి వస్తుంది, మన ఉపన్యాసాల్లో తరచూ వినబడేది: కనిపించని పరమాణువును నమ్మే మీరు కనిపించని దేవుణ్ణి ఎందుకు కాదంటారు? మాట చమత్కారంగానే ఉంది, కానీ నిలబడదు. కనిపించకపోవడం పరమాణువుకు అర్హత కాదు. పటం మరోలా వచ్చి ఉంటే మూడు పోగుల మాటను వదులుకోవాల్సి వచ్చేది. ఏ పటం మరోలా వస్తే నెల్లూరు తల్పగిరి రంగనాథుణ్ణి వదులుకుంటానని భక్తుడు ముందుగా రాసిస్తాడు? రాసివ్వడు, రాసివ్వమని అడగడమూ అన్యాయం. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుణ్ణి అనుమానంతో సాధించబూనాడు, నిజమే. బ్రహ్మాన్ని అనుమానం పట్టలేదని, వేదశాస్త్రమొక్కటే ప్రమాణమని వాదించిన రామానుజుడే ఈ విషయంలో జాగ్రత్తపరుడని నాకు తోస్తుంది. పరమాణువును భక్తికి పూచీ పెట్టేవాళ్ళు రెండింటినీ చులకన చేస్తున్నారు.

మూడు పోగుల కథ అక్కడితో అయిపోలేదు. రామచంద్రన్ నమూనాలో అణువులు మరీ ఒత్తుకున్నాయని, ప్రతి మూడు అమైనో ఆమ్లాలకూ పోగులను కలిపి ఉంచే హైడ్రోజన్ బంధాలు రెండు పట్టవని, ఒక్కటే పడుతుందని 1955లో రిచ్, క్రిక్ ఆక్షేపించారు. అణువులు ఎంత దగ్గరకు రాగలవన్న ఆ తగాదాను తేల్చుకోవడానికి రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ వేసిన లెక్కలే 1963లో రామచంద్రన్ పటమయ్యాయి. మాంసకృత్తు నిర్మాణాలను ఇప్పటికీ దానితోనే సరిచూస్తారు. రెండో బంధం నీటి అణువు ద్వారా కుదరవచ్చని 1968లో ఆయనే తన మాటను సవరించుకున్నారు. 1994లో కొల్లాజెన్ లాంటి పెప్టైడ్ స్ఫటిక నిర్మాణం తేలింది. అందులో పోగులు మూడే. వాటి మధ్య నేరుగా ఉన్న బంధం ఒక్కటే, చుట్టూ నీటి అణువులు వారధి కట్టి ఉన్నాయి. అప్పటికి రామచంద్రన్ బతికే ఉన్నారు, 2001లో కన్నుమూశారు.