నయం కాదన్నాక

జబ్బు ముదిరిపోయిందని తేలాక తరచూ వినబడే మాట: ‘ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి.’ బాధ తగ్గించే వైద్యమైన పాలియేటివ్ కేర్‌లో నర్సు పని సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఈ వైద్యానికి బాట వేసిన సిసిలీ సాండర్స్ మొదట నర్సే. నడుంనొప్పితో ఆ పని వదలాల్సి వచ్చింది. తర్వాత డాక్టరు చదివి, 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. బాధ ఒంటిదే కాదు, మనసుదీ, కుటుంబానిదీ, నమ్మకానిదీ అన్నారామె. నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా వేళకు మందివ్వాలన్నారు.

ఆ విలువలు నర్సు చేతల్లో కనిపిస్తాయి. రోగి ఎండిన పెదాలను తడి దూదితో తుడుస్తుంది. పడక పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెడుతుంది. ‘సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే నొప్పి ఇప్పుడెంతుంది పెద్దాయనా?’ అని అడుగుతుంది. ఆయన చెప్పింది నమ్ముతుంది. రాత్రంతా మేలుకున్న కోడలితోనూ రెండు మాటలు మాట్లాడుతుంది.

మీ ఇంట్లో అలాంటి రోగి ఉంటే ఆశ వదిలేసి కూర్చోకండి. ‘నొప్పి తగ్గించే వైద్యం ఎక్కడ దొరుకుతుంది?’ అని డాక్టరును అడగండి. నయం కాని జబ్బుంటుందేమో గానీ, సేవ అక్కర్లేని రోగి ఉండడు.