తెలిసినవాని బాధ్యత



ఒకరియందున్న రోగము మరియొకరికి సోకకుండ చూడవలసిన భారము ఎవరిది? హెచ్.ఐ.వి. విషయమై ఈ ప్రశ్న మన గ్రామములలోను సంఘములలోను నేటికిని వినబడుచున్నది. 1986వ సంవత్సరమున మద్రాసులో ఈ క్రిమి మన దేశమందు మొదట కనుగొనబడెను. నాటినుండి చాలమంది త్వరపడి చెప్పు జవాబు ఒకటే: "పాపము చేసినవారే అనుభవింతురు." ఈ జవాబు సులువైనదే గాని న్యాయమైనది కాదు. పెనిమిటి వలన సోకిన ఇల్లాలు ఏమి చేసినది? తల్లి కడుపులో నుండగనే సోకిన బిడ్డ ఏమి చేసినది? కాబట్టి రోగము ఎట్లు వచ్చెనను విచారణ విడిచి, వచ్చిన పిమ్మట ఎవరు ఏమి చేయవలెనో ఆలోచింతము.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచెడి ఎద్దును గూర్చిన విధి యొకటి కలదు. ఎద్దు అకస్మాత్తుగా ఒకని పొడిచి చంపినచో దానిగలవానికి శిక్ష లేదు. అయితే అది పొడుచునదని ముందే అతనికి తెలిసియుండి, దానిని కట్టివేయకున్నచో నేరము అతనిదే. పోటు ఒక్కటే, చావు ఒక్కటే. భేదమంతయు ఎరుకయందే యున్నది. రోగిని ఎద్దుతో పోల్చుట నా తాత్పర్యము కాదు. ఎరుక కలిగిన చోట బాధ్యత పుట్టునని మాత్రమే చెప్పుచున్నాను.

మన దేశపు చట్టము కూడ ఈ త్రోవనే నడచినది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్నది. తనకు ఈ క్రిమి యున్నదనియు, అది ఎట్లు సోకుననియు ఎరిగినవాడు ఇతరులకు సోకకుండ తగిన జాగ్రత్తలన్నియు పుచ్చుకొనవలెనని దాని 10వ సెక్షను చెప్పుచున్నది. అపాయము తగ్గించు పద్ధతులు అవలంబించుటగాని, ముందుగా ఎదుటివారికి తెలియజెప్పుటగాని ఆ జాగ్రత్తలలో చేరును. చెప్పినచో దెబ్బలు తినవలసి వచ్చునని, ఇల్లు వెడలగొట్టబడుదునని న్యాయముగా భయపడు స్త్రీని ఆ చట్టము కనికరించి, లైంగిక సంబంధము విషయములో ఈ నిబంధననుండి మినహాయించినది. ఇదిగాక, ప్రాణాపాయకరమైన రోగము అజాగ్రత్తవలన వ్యాపింపజేయువానికి ఆరు నెలలవరకు, దురుద్దేశముతో వ్యాపింపజేయువానికి రెండేండ్లవరకు జైలుశిక్ష భారతీయ న్యాయ సంహిత 271, 272 సెక్షనులలో కలదు.

ఇక్కడ యుక్తిపరుడొకడు లేచి, "ఎరిగినవానికే నేరమైనచో ఎరుగకుండుటయే మేలు, నేను పరీక్షకు పోను" అనవచ్చును. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఇతనికి జవాబు దొరకును. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని అక్కడ ఆజ్ఞ. ఎవడు పడునో, ఎప్పుడు పడునో అతనికి తెలియదు. అయినను ముందే కట్టవలెను. అట్లే తన నడతనుబట్టియో, పెనిమిటి లేక భార్య నడతనుబట్టియో, ఇతరులు వాడిన సూదులు వాడుటనుబట్టియో అనుమానింప కారణమున్నవాడు పరీక్ష చేయించుకొనుట ధర్మము. కావలెనని కన్నులు మూసికొనినవానిని చీకటిలో నున్నవాడనరాదు.

నేడు ఆ పిట్టగోడ కట్టుట కష్టము కాదు. పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా జరుగును. 2004 నుండి ఏ.ఆర్.టి. మందులు ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది; 2017 నుండి క్రిమి యున్నదని తేలిన ప్రతివారికిని ఆలస్యము లేక ఇచ్చుచున్నారు. దినదినము తప్పక మందు వేసికొని, రక్తములో క్రిమి పరీక్షకు దొరకనంతగా తగ్గి అట్లే నిలిచినవారినుండి లైంగిక సంబంధము వలన అది సోకదని 2016లోను 2019లోను వెలువడిన పెద్ద పరిశోధనలు చూపినవి. వైద్యము లేనిచో నూటికి 15 నుండి 45 మంది పిల్లలకు తల్లినుండి సోకవచ్చును. సరియైన వైద్యముతో అది నూటికి 5 కంటె తక్కువకు దిగును. కావున మందు బిళ్ల మ్రింగుట తన ప్రాణమునకు మాత్రమే కాదు, పొరుగువాని ప్రాణమునకును కావలియే.

కాపరులకు మిక్కిలి కష్టమైన ప్రశ్న పెండ్లి విషయములో వచ్చును. వరుడు తనకు క్రిమి యున్నదని పాదిరితో రహస్యముగా చెప్పెననుకొందము. వధువునకు తెలియదు. పెండ్లి ప్రకటన చదువవలసిన ఆదివారము వచ్చినది. పాదిరి ఏమి చేయవలెను? వైద్యుడైనను, కౌన్సెలరైనను భాగస్వామికి చెప్పుటకు చట్టము హద్దులు పెట్టినది: భాగస్వామికి నిజమైన అపాయ ముండవలెను, రోగికి మొదట నచ్చజెప్పవలెను, అతడు చెప్పడని నిశ్చయము కావలెను, తాను చెప్పబోవుచున్నానని అతనికి ముందుగా తెలుపవలెను. వారికే ఇన్ని హద్దులుండగా, పాదిరి దానిని పదిమందిలో చాటుట ఎంతమాత్రమును తగదు. అయినను మౌనముగా తాళి కట్టించుటయు తగదు. "అబ్బాయీ, నీ గుట్టు నా యొద్దనే యుండును. అయితే ఆ అమ్మాయికి నీ నోట చెప్పువరకు నేను ఈ పెండ్లి చేయను" అనుటయే సరియైన మార్గమని నా మనవి.

"మందు వేసికొనుచున్నాను, అపాయము లేదు గదా, ఎందుకు చెప్పవలెను?" అని అతడడుగవచ్చును. అపాయము పోయిన మాట నిజమే కావచ్చును. సత్యము చెప్పవలసిన ఋణము పోలేదు. చట్టము జాగ్రత్తతో తృప్తిపడును, ప్రేమ నమ్మకమును కూడ అడుగును. ఆమె విని, తెలిసికొని, ఇష్టపడినయెడల పెండ్లి సంతోషముతో చేయవలెను. 1998లో ఇట్టివారి వివాహపు హక్కునుగూర్చి సుప్రీముకోర్టు చేసిన వ్యతిరేక వ్యాఖ్య 2002లో ఆ కోర్టుచేతనే తొలగింపబడెను.

కొన్ని చోట్ల పెండ్లికి ముందు పరీక్ష కాగితము తెమ్మని బలవంతము చేయుదురు. అంగీకారము లేని పరీక్షను చట్టము ఒప్పుకొనదు. అంతేగాక, సోకిన మొదటి వారములలో పరీక్షకు క్రిమి చిక్కకపోవచ్చును; కాగితము నమ్మకమునకు బదులు కాదు. ఇద్దరును కలిసి ఇష్టపూర్వకముగా పోయి పరీక్ష చేయించుకొనునట్లు ప్రోత్సహించుట మేలు.

తుదకు, రోగము లేనివారి పాలు కూడ చెప్పవలెను. చెప్పినవానిని వెలివేయు ఊరిలో ఎవడు చెప్పును? నీళ్ల కుళాయి యొద్ద గుసగుసలాడు చోట ఏ తల్లి మందుల కేంద్రమునకు పోవును? మన ఏవగింపు వలన ఒకడు దాచుకొనినచో, అతడు దాచుటవలన కలిగిన హానిలో మనకును భాగమున్నది. ఒకే పళ్లెములో తినుట వలనను, చేయి పట్టుకొనుట వలనను ఈ క్రిమి సోకదు. మార్కు సువార్త మొదటి అధ్యాయములో కుష్ఠరోగిని ప్రభువు ముట్టెను. ఎవరును ముట్టనివానిని ముట్టిన చేతినుండియే మనము నేర్చుకొందుము గాక. తెలిసినవాడు జాగ్రత్తపడవలెను, అనుమానము గలవాడు తెలిసికొనవలెను, తక్కినవారు వినినప్పుడు త్రోసివేయకుండవలెను. ఈ మూడును కలిసినప్పుడే మిద్దె చుట్టు గోడ పూర్తియగును.